32 మీటర్ల అల్యూమినియం యాట్‌లో నెట్‌వర్క్ మొత్తం మళ్లీ వేయాలి, ముందు దేని మీద చెయ్యి వేయాలి?

ఈటీఓ_విశాఖ

స్పెయిన్‌లోని పాల్మా యార్డులో రీఫిట్‌లో (పెద్ద మరమ్మతులో) ఉన్న మోటార్ యాట్, అంటే విలాస బోటు. హల్ (బోటు ఒళ్లు), సూపర్‌స్ట్రక్చర్ (పై కట్టడం) రెండూ అల్యూమినియమే. గెస్టులు 10 మంది, క్రూ 6. ఫ్లైబ్రిడ్జి (అన్నిటికన్నా పై డెక్) మీద స్టార్‌లింక్ శాటిలైట్ నెట్ ఫ్లాట్ డిష్ ఉంది. మాస్ట్ మీద 4జీ యాంటెన్నా, దాన్నుంచి కింద ర్యాక్‌లోని రౌటర్ దాకా 14 మీటర్ల ఆర్‌జీ-58 కోక్స్ (టీవీ కేబుల్ లాంటి యాంటెన్నా తీగ). వైఫైకి ఇళ్లలో వాడే మెష్ డబ్బాలు (కేబుల్ లేకుండా ఒకదానికొకటి వైఫై అందించుకునేవి) నాలుగు పెట్టి ఉన్నాయి.

షోర్ పవర్ (రేవు కరెంటు) నుంచి జెనరేటర్‌కి మారిన ప్రతిసారీ నెట్ మొత్తం పోయి ఐదారు నిమిషాలకు గానీ తిరిగి రాదు. లోయర్ డెక్ క్యాబిన్లలో వీడియో కాల్ నిలబడదు. అప్పుడప్పుడు ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం ఉండదు. యజమాని ఏజెంటేమో రెండో డిష్ పెట్టేద్దాం అంటున్నారు. బడ్జెట్ అక్కడ పెట్టడం సబబేనా?

రాగితీగ

రెండో డిష్ ఇప్పుడే వద్దండీ. మీరు చెప్పిన మూడు గోలల్లో ఒక్కటి కూడా డిష్ వల్ల వచ్చింది కాదు.

మొదట కరెంటు సంగతి చూడండి. చేంజోవర్‌లో కరెంటు పోయేది ఒకటి రెండు సెకన్లే. కానీ ఆ దెబ్బకు డిష్, రౌటర్, స్విచ్, ఏపీలు (వైఫై ఇచ్చే డబ్బాలు) అన్నీ రీబూట్ అవుతాయి, ఒకదాని కోసం ఒకటి కాచుకుంటాయి. ర్యాక్‌ని 230 వోల్ట్ నుంచి పూర్తిగా తప్పించి 24 వోల్ట్ సర్వీస్ బ్యాంక్ (లైట్లు వగైరా నడిపే బ్యాటరీలు) మీద పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ బ్యాటరీల జోలికి మాత్రం పోవద్దు.

లెక్క ఇలా వేసుకోవచ్చు: డిష్‌కి 120 వాట్లు, కొత్తగా తొమ్మిది ఏపీలు పెడతారనుకుంటే వాటికి తలా 12 చొప్పున 108, స్విచ్, రౌటర్ కలిపి 60. మొత్తం 290 దాకా. కన్వర్టర్ నష్టాలతో 14 ఆంపులు లాగుతుంది. ప్యానెల్ నుంచి ర్యాక్ 8 మీటర్లుంటే 10 చదరపు మి.మీ. టిన్నింగ్ చేసిన రాగి తీగ, 25 ఆంపుల బ్రేకర్ వేయండి. అప్పుడు వోల్టేజ్ డ్రాప్ 2 శాతం లోపే ఉంటుంది.

ఛార్జర్ నడుస్తుంటే ఈ 24 వోల్ట్ 28 దాటుతుంది, బౌ థ్రస్టర్ (ముందు భాగాన్ని పక్కకి నెట్టే మోటారు) లాగితే 21కి పడొచ్చు. అందుకే నేరుగా ఇవ్వకుండా డీసీ-డీసీ కన్వర్టర్ మధ్యలో ఉండాలి, అదీ ఐసోలేటెడ్ (లోపలికీ బయటికీ తీగ కలవని) రకమే. చాలా రౌటర్లలో యాంటెన్నా సాకెట్ బయటి రింగు, డీసీ నెగటివ్ లోపల ఒకటే. యాంటెన్నాను అల్యూమినియం మాస్ట్‌కి బిగించగానే బ్యాటరీ నెగటివ్ హల్‌కి తగిలినట్టే. ఎర్త్ లీక్ అలారం మోగడం ఒక్కటే కాదు, కరెంటు హల్‌ని తినేయడం మొదలవుతుంది. ఐసోలేటెడ్ కన్వర్టర్‌తో పాటు యాంటెన్నా కింద నైలాన్ బేస్ కూడా పెట్టండి. పని అయ్యాక మెయిన్ స్విచ్ ఆపి, నెగటివ్ బస్‌బార్‌కీ హల్‌కీ మధ్య మీటర్ పెట్టి చూడకుండా ప్యానెల్ మూయొద్దు.

ఆ 14 మీటర్ల ఆర్‌జీ-58 పీకేయండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది మీటరుకి ఒక డీబీ (సిగ్నల్ నష్టం కొలత, డెసిబెల్) తినేస్తుంది. అంటే 14 డీబీ, సిగ్నల్లో ఇరవై అయిదో వంతే కిందికి చేరుతోంది. 4జీ మోడెమ్‌ని మాస్ట్ అడుగుకే తీసుకెళ్లి పీఓఈ (నెట్ కేబుల్ మీదే కరెంటు) మీద నడిపి, కిందికి ఈథర్నెట్ దింపడం మేలు. అక్కడ చోటు లేకపోతే ఎల్‌ఎంఆర్-400 (నష్టం తక్కువ ఉండే లావు కోక్స్) వేయండి, నష్టం 3 డీబీ చిల్లరతో పోతుంది. యాంటెన్నాలు, డిష్ రాడార్ బీమ్‌లో పడకూడదు. బీమ్ నిలువు వెడల్పు 25 డిగ్రీల దాకా ఉంటుంది, ఎత్తు తేడా ఆ లెక్కన చూసుకోండి.

బల్క్‌హెడ్_బాబ్జీ

రాగితీగ గారి మాటకు చేర్పు. అల్యూమినియం బోటులో మెష్ పెట్టడమంటే ఇనప్పెట్టెలో రేడియో పెట్టినట్టే. గోడ అవతలికి సిగ్నలే వెళ్లదు, ఇక మెష్ ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుతుంది? ఫైర్ ఇన్సులేషన్ మీద ఉండే ఫాయిల్, క్యాబిన్‌లో నిలువుటద్దాలు కూడా అడ్డమే. ప్రతి క్యాబిన్‌కీ కేబుల్ మీద ఒక చిన్న ఏపీ, పవర్ తగ్గించి పెట్టండి: 5 గిగాహెర్ట్జ్‌లో 11 నుంచి 14 డీబీఎం (ప్రసార పవర్ కొలత), 2.4లో 6 నుంచి 8 చాలు. పవర్ పెంచితే ఫోన్ పాత ఏపీనే పట్టుకుని వేలాడుతుంది, మెట్లు దిగి క్యాబిన్‌కి వచ్చినా వదలదు.

5 గిగాహెర్ట్జ్‌లో 36, 40, 44, 48 ఛానెళ్లు 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వాడండి. బల్క్‌హెడ్లే అడ్డుగోడలు కాబట్టి వాటినే మళ్లీ మళ్లీ వాడినా ఢీకొట్టుకోవు. డీఎఫ్‌ఎస్ ఛానెళ్లు (రాడార్లతో పంచుకునేవి) ఆటోలో వదిలితే, రాడార్ జాడ కనిపించిన ఛానెల్‌ని ఏపీ అరగంట పాటు ముట్టుకోదు. పైగా యూరప్‌లో 5600-5650 మెగాహెర్ట్జ్ మధ్య ఛానెల్ మొదలుపెట్టే ముందు పది నిమిషాలు విని గానీ నోరు విప్పదు. సాయంత్రం ఏడింటికి ఆ పది నిమిషాలు గెస్టులకు ఎవరు వివరిస్తారు?

కేబుల్ పూర్తి రాగి క్యాట్ 6ఏ మాత్రమే. రాగి పూత అల్యూమినియం కేబుల్ చవకే గానీ, పీఓఈ వేస్తే వేడెక్కుతుంది, జాక్ దగ్గర విరుగుతుంది. డెక్ మీద ఆర్‌జే-45 (మామూలు నెట్ జాక్) వద్దు, ఎం12 ఎక్స్-కోడెడ్ కనెక్టర్ (తడి చొరకుండా మర బిగించేది) పెట్టండి. ఉప్పు తడి ఉన్న పిన్నుల మీద పీఓఈ 48 వోల్టులు నడిస్తే ఎలక్ట్రోలిసిస్ జరిగి, పిన్నులు పచ్చబడి రాలిపోతాయి.

ఈటీఓ_విశాఖ

ఇద్దరికీ థాంక్స్. చిక్కల్లా ఏంటంటే రెండు వీఐపీ క్యాబిన్లలో వెనీర్ ప్యానెళ్లు (చెక్క గోడపలకలు) విప్పనివ్వరు, కొత్త కేబుల్ వేయలేం. పాత టీవీ కోక్స్ మాత్రం ఉంది. దాని మీద మోకా అడాప్టర్ (టీవీ కోక్స్ మీద నెట్ నడిపేది) పెట్టొచ్చా? లేకపోతే పవర్‌లైన్ అడాప్టరా (కరెంటు తీగల మీద నడిపేది)?

బల్క్‌హెడ్_బాబ్జీ

పవర్‌లైన్ వద్దే వద్దు. ఇన్వర్టర్ పుట్టించే ఎలక్ట్రికల్ నాయిస్‌లో అది నిలవదు, పైగా హెచ్‌ఎఫ్ (దూరప్రాంత) రేడియోలో రొద పెడుతుంది.

మోకా 2.5 పనికొస్తుంది గానీ, ముందు ఆ కోక్స్‌లో ఇప్పుడేం నడుస్తోందో తేల్చుకోండి. మోకా 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ వాడుతుంది. శాటిలైట్ టీవీ డోమ్ నుంచి రిసీవర్‌కి వచ్చేది 950 నుంచి 2150. రెండూ ఒకే తీగలో పడితే రెండూ చస్తాయి. రిసీవర్లన్నీ ర్యాక్‌లోకి మారిపోయి ఉంటే మల్టీస్విచ్ (టీవీ సిగ్నల్ పంచే డబ్బా) దగ్గర ఆ రెండు క్యాబిన్ల తీగలూ విప్పి, మోకాకే ఇచ్చేయండి. దారిలో స్ప్లిటర్ ఉంటే తీసేసి సూటిగా కలపండి.

వీలాన్_శేషు

మూడో గోల గురించి ఎవరూ మాట్లాడలేదు. వైఫై నిండుగా ఉండి నెట్ లేకపోతే ముందు ఫోన్‌కి వచ్చిన ఐపీ అడ్రస్ చూడండి. 172.16 తోనో 172.31 తోనో మొదలైతే దొంగ దొరికినట్టే: మొదటిది గార్మిన్, రెండోది ఫురునో వాడే శ్రేణి. బ్రిడ్జి (బోటు నడిపే గది) మీది ఎంఎఫ్‌డీ (మ్యాపు, రాడార్ చూపే తెర) తన సొంత డీహెచ్‌సీపీతో (ఐపీ అడ్రసులు పంచే సర్వీసు) గెస్ట్ ఫోన్లకు అడ్రసులు పంచుతోందన్నమాట. ఎవరో బ్రిడ్జి స్విచ్‌నీ గెస్ట్ స్విచ్‌నీ ఒక ప్యాచ్ కార్డ్‌తో కలిపి ఉంటారు. రాడార్, సోనార్ మల్టీకాస్ట్ (ఒకేసారి అందరికీ పంపే డేటా) కూడా అదే దారిన వచ్చి వైఫై గాలిని మింగేస్తుంది.

బ్రిడ్జి స్విచ్ విడిగా ఉండాలి, వీలాన్‌తో (ఒకే స్విచ్‌లో సెట్టింగుతో చేసే వేరు నెట్‌వర్క్) సరిపెట్టొద్దు. ఐప్యాడ్‌కి పొజిషన్ కావాలంటే గేట్‌వే నుంచి యూడీపీ 10110 (నావిగేషన్ డేటా పోర్ట్) ఒక్కటే, అదీ క్రూ వైపుకే, ఒక దిక్కుగానే వదలండి. మిగతావి వీలాన్లు: మేనేజ్‌మెంట్, క్రూ, గెస్ట్, ఏవీ (టీవీ, ఆడియో), కెమెరాలు. యాక్సెస్ పోర్టులన్నిట్లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (దొంగ డబ్బాలు అడ్రసులు పంచకుండా ఆపేది) పెట్టండి. ఏవీలో ఐజీఎంపీ స్నూపింగ్‌తో (అడిగిన పోర్టుకే స్ట్రీమ్ పంపేది) పాటు క్వెరియర్ (స్ట్రీమ్ ఇంకా ఎవరికి కావాలో అడుగుతుండేది) కూడా ఆన్ చేయాలి. క్వెరియర్ లేకపోతే స్ట్రీమ్ కొన్ని నిమిషాలు ఆడి ఆగిపోతుంది.

ఫెయిలోవర్‌కి (ఒక లింక్ పోతే ఇంకోదానికి మారడం) హెల్త్ చెక్‌గా డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రస్ చెప్పే సర్వీసు) ఒక్కదాన్నే నమ్మొద్దు. మెరీనా వైఫై లాగిన్ పేజీ వెనకాల డీఎన్‌ఎస్ చక్కగా జవాబిస్తుంది, రౌటర్ లింక్ బాగుందనుకుని అక్కడే కూర్చుంటుంది. హెచ్‌టీటీపీ 204 (ఖాళీ పేజీ) జవాబు వచ్చేలా చెక్ పెట్టండి. స్టార్‌లింక్ మామూలుగా సీజీనాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ) వెనక ఉంటుంది కాబట్టి బయటి నుంచి పోర్ట్ ఫార్వర్డ్ కుదరదు. రిమోట్ సపోర్ట్ కావాలంటే బోటు నుంచే వీపీఎన్ మొదలవ్వాలి.

బాండింగ్‌కి (రెండు లింకులు కలిపి ఒకటిగా వాడటం) డబ్బు పెట్టాలా అంటే, యజమాని రోజూ బోటు నుంచే మీటింగుల్లో కూర్చునే మనిషైతే పెట్టండి. లింక్ మారినా కాల్ తెగదు. సినిమాలు చూసే గెస్టులకు మామూలు ఫెయిలోవర్ సరిపోతుంది.

ఈటీఓ_విశాఖ

మీటర్ పెట్టి చూశాను, నెగటివ్‌కీ హల్‌కీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు. మాస్ట్ యాంటెన్నా విప్పగానే ఓపెన్ అయింది. ఫోన్‌లో 172.16 కూడా కనిపించింది. చివరిగా ఒకటి, క్యాబిన్లలో 2.4 పూర్తిగా ఆపేయనా?

వీలాన్_శేషు

గెస్ట్ నెట్‌వర్క్‌లో ఆపండి. క్రూ వైపు వదిలేయండి, ప్రింటర్, ఏసీ కంట్రోలర్లు దాని మీదే బతుకుతాయి.