‘దళం’ అన్న మాటకు రహస్యం ఎప్పుడు అంటుకుంది?

ప్రశ్న (విద్యార్థి, హనుమకొండ):
మా నాయనమ్మ ప్రతి సోమవారం వేయి స్తంభాల గుడి దగ్గర మారేడు దళాలు కొంటుంది. ఒక్కొక్క కాడను వెలుతురుకు పట్టి చూసి, ఒక ఆకు రాలి రెండే మిగిలినది కనబడితే “ఇది దళం గాదు బిడ్డా, మార్చియ్యి” అని అమ్మేవారికి తిరిగి ఇచ్చేస్తుంది. ఆమే ములుగు వైపున్న తన పుట్టింటి ముచ్చట్లు చెప్పేటప్పుడు, “ఆ రాత్రి దళమొచ్చింది” అనే చోటికి వచ్చేసరికి, ఇంట్లో మేం నలుగురమే ఉన్నా సరే, గొంతు తగ్గిస్తుంది. ఈ రెండూ ఒకే మాటా? ఒకటే అయితే, దేవుడి మీద వేసే ఆకు పేరు అజ్ఞాతంలో ఉండే సాయుధుల గుంపుకు ఎట్లా వచ్చింది? ‘దళారి’ కూడా ఇందులోంచే పుట్టిందని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు.

జవాబు 1 (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, కరీంనగర్):
రెండూ ఒకే మాట. సంస్కృతంలో ‘దల్’ ధాతువుకు పగలడం, విచ్చుకోవడం అని అర్థం. దాని నుంచి వచ్చిన ‘దలం’ మొదట ముక్క, ఆ తరువాత రేకు, ఆకు. బడిలో చదువుకున్న ద్విదళ బీజం రెండు బద్దలుగా విడిపోయే గింజే, హిందీలో పప్పును ‘దాల్’ అనడమూ ఇక్కడి నుంచే. సేనలో ఒక భాగాన్ని దళం అనడం ఈ ‘ముక్క’ అన్న అర్థానికి కొనసాగింపని నా అభిప్రాయం. విజయనగర, మైసూరు రాజ్యాలలో సేనాధిపతిని దళవాయి అనేవారంటే ఈ అర్థం ఎంత పాతదో ఊహించవచ్చు.

మీ నాయనమ్మగారి మాటలో నాకు ఇంకొక విశేషం కనిపించింది. ‘త్రిదళం’ అన్నప్పుడు దళం అంటే మూడింటిలో ఒక రేకు; ఆమె మాత్రం మూడూ కలిసి ఉన్న కాడనే దళం అంటున్నారు, ఒకటి రాలితే అది దళమే కాదంటున్నారు. విడిపోయిన భాగానికి ఉన్న పేరు, విడిపోకూడని సమూహానికి పేరైంది. సేన విషయంలోనూ జరిగింది ఇదే.

దళారికి దీనితో చుట్టరికం లేదు. అది అరబీ ‘దల్లాల్’ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ఇక రహస్యం మాటలో లేనే లేదు. 1920లో పుట్టిన అకాలీ దళ్, 1988 నాటి జనతా దళ్ బహిరంగంగా ఓట్లడిగిన పార్టీలు; అగ్నిమాపక దళమైతే గంట కొట్టుకుంటూనే వస్తుంది.

జవాబు 2 (జనగామ ప్రాంతం):
ఆ రహస్యం మా వైపే అంటుకుందని చెప్పాలి, కాని ఒక్కసారిగా కాదు. నిజాం కాలంలో ఆంధ్ర మహాసభను పల్లెల్లో ‘సంగం’ అన్నారు, అందులో చేరినవాళ్లను ‘సంగపోళ్లు’ అన్నారు. దొరలకు నిద్ర పట్టనీయని మాట అప్పట్లో అదే. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య కాల్పుల్లో మరణించిన తరువాత, 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వచ్చిన తరువాత, దళాలు ఊరూరికీ పాకాయి. అప్పుడు ఆ మాట ఒంటరిగా తిరగలేదు, దాని ముందు ఒక విశేషణం ఉండేది: గ్రామ రక్షక దళం, గెరిల్లా దళం. రక్షక దళంలో ఎవరెవరున్నారో ఊరందరికీ తెలుసు. 1948లో సైన్యం వచ్చినాక గెరిల్లా దళాలు అడవి పట్టాయి, 1951లో పోరాటాన్ని విరమించారు.

1980లో పీపుల్స్‌వార్ ఏర్పడినాక విశేషణం రాలిపోయింది. ‘దళం’ అని ఊరుకుంటే చాలు, ఏ దళమో ఎవరూ అడగరు. సంఘం బయట, దళం లోపల అన్నది అప్పటి లెక్క: రైతు కూలీ సంఘం 1990లో వరంగల్‌లో సభ పెట్టుకోగలిగింది, దళం పేరుతో సభ పెట్టడం ఊహకందేది కాదు. ఇప్పుడు మా ఊళ్లో సంగం అంటే పొదుపు సంఘం లేదా పాల సంఘం. భయం ఆ మాటను వదిలి ఈ మాటను పట్టుకుంది.

జవాబు 3 (పత్రికలో పనిచేసినవాడు, వరంగల్):
వార్తలు దిద్దేటప్పుడు ఈ మాటతో మాకొక చిక్కు ఉండేది. భద్రతా దళాలూ దళాలే కాబట్టి, ‘దళానికీ దళాలకూ మధ్య ఎదురుకాల్పులు’ అని రాస్తే పాఠకుడు తికమకపడతాడు. మేం పోలీసులకు ‘బలగాలు’ అని రాసి, ‘దళం’ అడవిలో ఉన్నవారికి వదిలేశాం. నియమమంటూ ఎవరూ పెట్టలేదు, శీర్షికలో చోటు చాలక అలవాటైంది. మాట అర్థం ఇరుకు కావడంలో మా చేయీ ఉందని ఒప్పుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
మీ జవాబులన్నీ మా నాయనమ్మకు చదివి వినిపించి, అప్పట్లో మీరూ దళమనే అనేవారా అని అడిగాను. “గా మాట మాది గాదు బిడ్డా. మేం అన్నలొచ్చిన్రు అనేటోళ్లం. తెల్లారి జీపుల వచ్చినోళ్లు అడిగేటోళ్లు, దళమొచ్చిందా, ఎంతమంది అని” అన్నది. ఏం చెప్పేవాళ్లని అడిగితే, తెలియదని చెప్పేవాళ్లమని, కాని రాత్రి తోమిన పళ్లాలను బట్టి తనకు లెక్క తెలిసేదని చెప్పింది. ఆ లెక్క ఎంతో మాత్రం నాకూ చెప్పలేదు.