గైడ్ గారి నుంచి జవాబు లేదు, మిర్చి సీజన్ దగ్గరపడుతోంది: పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేసేవాళ్లు ఏం చేయాలి?

పటమట_కామర్స్:
విజయవాడలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. 2023లో వేరే జిల్లాలోని యూనివర్సిటీలో పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి చేరాను. ప్రీ-పీహెచ్‌డీ పరీక్షలు అయిపోయాయి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతుకి అమ్మకం మీద పడే ఖర్చులు నా టాపిక్. ప్రశ్నావళి, రెండో అధ్యాయం రెండూ ఆగస్టు నుంచి గైడ్ గారి దగ్గరే ఉన్నాయి. ఫోన్ చేస్తే "చూస్తానమ్మా" అంటారు. జనవరికల్లా ప్రశ్నావళి ఖరారు కాకపోతే ఒక సీజన్ పోయినట్టే. ఆయనతో గొడవ పెట్టుకోవాలని లేదు. ఇంత దూరం నుంచి పని ఎలా నడిపించాలి? గైడ్‌ని మార్చమని అడగొచ్చా?

బ్రాడీపేట_4వలైను:
ముందు సీజన్ సంగతి చూడండి, గైడ్ మార్పు తర్వాత ఆలోచించొచ్చు.

మీరు పంపిన పద్ధతి ఒకసారి చూసుకోండి. 40 పేజీల వర్డ్ ఫైలు పెట్టి "దయచేసి పరిశీలించగలరు" అని రాస్తే ఎవరూ వెంటనే తెరవరు. ప్రశ్నావళి ఒక్కటే మళ్లీ పంపండి, అధ్యాయం దానికి కలపొద్దు. మెయిల్ సబ్జెక్టులో మీ రిజిస్ట్రేషన్ నంబరు, "ప్రశ్నావళి, 4 పేజీలు, 2 ప్రశ్నలు" అని ఉండాలి. లోపల అడిగేది అవునో కాదో చెప్పగలిగేలా ఉండాలి: "నమూనా సైజు లెక్కించే యమానే సూత్రం ప్రకారం 10,000 మంది రైతులకి 5 శాతం తేడాతో నమూనా 385 వస్తోంది, సరేనా?", "కోల్డ్ స్టోరేజీ అద్దెని విడి ప్రశ్నగా పెట్టనా?" చివర్లో ఒక తేదీ ఇచ్చి, "ఈలోగా మీరు మార్పులు చెప్పకపోతే 30 మందితో పైలట్ సర్వే మొదలుపెడతాను" అని రాయండి. పైలట్ అంటే అసలు సర్వేకి ముందు చేసే చిన్న ట్రయల్, అందులో తప్పు దొర్లితే దిద్దుకోవచ్చు కాబట్టి అక్కడికి ఇది చెల్లుతుంది. టాపిక్ పేరు, నమూనా పద్ధతి, జిల్లాల ఎంపిక లాంటివాటికి మాత్రం మౌనాన్ని అంగీకారంగా తీసుకోవద్దు. వాటికి రాతపూర్వక ఆమోదం లేకపోతే ప్రీ-సబ్మిషన్‌లో, అంటే థీసిస్ సమర్పించే ముందు ఇచ్చే ప్రజెంటేషన్‌లో పట్టుకుంటారు.

వాట్సాప్‌లో "సార్, మెయిల్ పంపాను" అన్న ఒక్క లైను చాలు. మాట మాత్రం మెయిల్‌లోనే నడవాలి. ఫోన్‌లో ఏదైనా చెబితే ఆ సాయంత్రమే "ఈరోజు మీరు సూచించిన మార్పులు ఇవి" అని నాలుగు లైన్లు రాసి పంపండి. రేపు కమిటీ అడిగితే చూపించడానికి ఆ మెయిళ్లే ఉంటాయి. ఇంకో మాట: చాలామంది సీనియర్ ప్రొఫెసర్లకి కాగితం మీద చదవడమే అలవాటు. అధ్యాయాన్ని 15 పేజీల ముక్కలుగా, ఒకవైపు ప్రింటు, డబుల్ స్పేసింగ్‌లో తీసి, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరుతో సహా స్పీడ్ పోస్టులో పంపండి.

ఇక యార్డులో. కమీషన్ కొట్లో కూర్చుని అడిగితే రైతు తన డబ్బులో పడే కోతల గురించి నిజం చెప్పడు, ఏజెంటు పక్కనే ఉంటాడు. రేటు కుదిరాక, కాటా కోసం టిక్కీల (మిర్చి బస్తాల) దగ్గర ఎదురుచూస్తున్నప్పుడు అడగండి. కమీషన్, హమాలీ, రవాణా, ఖాళీ గోతాల ఖర్చు విడివిడిగా రాయించుకోండి. "మొత్తం ఎంత పోయింది" అంటే ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు. తేజ, 341 లాంటి రకాన్ని కూడా రాసుకోండి, రకాన్ని బట్టి క్వింటా ధర బాగా మారుతుంది. 385 కావాలంటే కనీసం 430 మందిని కలవాలి, సగంలో లేచిపోయేవాళ్లు ఉంటారు.

అరండల్‌పేట_రీసెర్చ్:
గైడ్ మార్పు గురించి నేను చెబుతాను.

మీరు 2023లో చేరారు కాబట్టి యూజీసీ 2022 నిబంధనలే మీకు వర్తిస్తాయి. 2022 నవంబరు 7కి ముందు చేరినవాళ్లకి పాతవే. దూరవిద్యలో పీహెచ్‌డీ చేయడానికి వీల్లేదు, పార్ట్ టైమ్‌కి వీలుంది. అంటే ఫుల్ టైమ్ స్కాలర్‌కి ఉన్న పర్యవేక్షణ మొత్తం మీకూ దక్కాలి. ప్రతి స్కాలర్‌కీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలి, గైడ్ దానికి కన్వీనర్. సెమిస్టరుకొకసారి మీరు దాని ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి. చాలాచోట్ల పార్ట్ టైమ్ వాళ్ల విషయంలో ఇది కాగితం మీద సంతకాలతో సరిపెడతారు. దానివల్ల నష్టం మీకే. ప్రగతి బాగాలేదని కమిటీ రాస్తే రిజిస్ట్రేషన్ రద్దు దాకా వెళ్లొచ్చు, ఆలస్యం ఎవరివల్ల అన్నది ఆ కాగితంలో ఉండదు. అందుకే కమిటీ పెట్టమని మీరే రాతపూర్వకంగా అడగండి, ప్రోగ్రెస్ రిపోర్టులో "ప్రశ్నావళి ఫలానా తేదీన సమర్పించాను, సూచనల కోసం ఎదురుచూస్తున్నాను" అని తేదీతో రాయండి. నింద వద్దు, తేదీ చాలు. మిగతా సభ్యులు కూడా అప్పుడే మీ ప్రశ్నావళి చూస్తారు. వాళ్ల ఆమోదం మినిట్స్‌లోకి (సమావేశం రికార్డులోకి) ఎక్కితే మీ సర్వేకి అడ్డుండదు.

మార్పుకంటే ముందు కో-గైడ్‌ని అడగడం నయం. మీ టాపిక్‌లో వ్యవసాయ మార్కెటింగ్ ఉంది కాబట్టి రెండు శాఖలకి చెందుతుందని చెప్పి అడగొచ్చు. ఇప్పుడున్న గైడ్ గారికీ చిన్నతనంగా ఉండదు. అదీ కుదరకపోతేనే మార్పు. దానికి కొత్త గైడ్ దగ్గర ఖాళీ ఉండాలి: ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6, అసిస్టెంట్ 4 మందికి మించి గైడ్ చేయకూడదు. కొత్తవారి అంగీకార పత్రం చేతికి వచ్చాకే దరఖాస్తు పెట్టండి. మధ్యలో ఎవరూ లేకుండా మిగిలిపోతే చాలా కష్టం.

పటమట_కామర్స్:
చాలా థ్యాంక్సండి. గైడ్ గారికి రిటైర్మెంట్ కూడా దగ్గర్లోనే ఉందని విన్నాను. ఆయన దిగిపోతే నా సంగతేంటి? ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎక్కడ చేయాలి?

అరండల్‌పేట_రీసెర్చ్:
రిటైరయ్యేదాకా ఆయనే గైడ్‌గా ఉండొచ్చు, తర్వాత 70 ఏళ్లు వచ్చేదాకా కో-గైడ్‌గా కొనసాగొచ్చు. అంటే మెయిన్ గైడ్ ఎలాగూ మారతారు. ఆ తేదీని ఆఫీసులో కనుక్కుని, ఏడాది ముందే ఎవరి పేరు పెడతారో డిపార్టుమెంటు హెడ్ గారిని అడగండి. మీకిది మంచి అవకాశం, మార్పు కోరుతున్నానని మీరు అనాల్సిన పనే ఉండదు.

ఫిర్యాదు వరకూ వెళ్తే, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. వీలైనంత వరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దాని నిర్ణయం మీకు నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు.

గడువు: చేరిన తేదీ నుంచి 6 ఏళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2. మహిళలకి పైన మరో 2, అంటే మొత్తం 10 దాకా. అయితే రీ-రిజిస్ట్రేషన్ దానంతట అది రాదు, గడువు ముగిసేలోపే దరఖాస్తు పెట్టుకోవాలి.

బ్రాడీపేట_4వలైను:
ఇంకొకటి. వేసవిలో యార్డుకి సెలవులిస్తారు, ఏప్రిల్ చివరికల్లా రైతుల సర్వే ముగించేలా చూసుకోండి. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి తర్వాత అమ్మే రైతుల్ని యార్డు మళ్లీ తెరిచాక కలవొచ్చు. ఈ రెండు గుంపుల్నీ ప్రశ్నావళిలో మొదటి ప్రశ్నతోనే విడదీయండి, తర్వాత విడదీయాలంటే కుదరదు.