ఆరోగ్యశ్రీకి ముందు పీహెచ్‌సీ చీటీ తప్పనిసరి చేయాలా?

పాలమూరు పాఠకుడు:
పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పటి నుంచీ తెల్లకార్డు కుటుంబాలు నేరుగా నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి, వెళ్లవచ్చు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు చూసి, చీటీ ఇచ్చి పంపాలన్న నిబంధన పెట్టాలంటాను. అవసరం లేకపోయినా ప్రైవేటులో గర్భసంచులు తీసేస్తున్నారని గగ్గోలు పుట్టాకే కదా, ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు! బిల్లుతో సంబంధం లేని డాక్టరు ముందే చూసి ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

కూలిమనిషి:
ఆ డాక్టరు దొరకాలి కదండీ. మా మండలంలో మధ్యాహ్నం దాటితే నర్సమ్మే దిక్కు. చీటీ కోసం ఒక రోజు కూలి పోతుంది, అది రాకపోతే ఇంకో రోజు. అత్యవసరానికి మినహాయింపు ఇస్తామంటారు. ఛాతీలో నొప్పి గ్యాసో గుండెపోటో తేల్చుకుని బయలుదేరాలా మేము?

విశ్రాంత స్టాఫ్ నర్సు:
మీరిద్దరూ వెళ్లేటప్పటి సంగతే మాట్లాడుతున్నారు. తిరిగొచ్చాక? గుండె రక్తనాళం తెరిచి ఉంచే స్టెంట్ వేయించుకున్న మనిషి ఇంగ్లిషు డిశ్చార్జి కాగితంతో ఊరు చేరతాడు. ఆశా కార్యకర్తకు కబురుండదు, పీహెచ్‌సీకి నకలు అందదు. నొప్పి లేదు కదా అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మానేస్తాడు. స్టెంట్ మూసుకుపోతే మళ్లీ అంబులెన్సే. పథకం రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర ఉండేదేమో నగరంలో ఆసుపత్రి కౌంటరు దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరోగ్య ఆసరా తెచ్చి, కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చారు. మంచిదే. కానీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగే మనిషిని డబ్బుతో పాటు పంపలేదు.

పాలమూరు పాఠకుడు:
ఒప్పుకుంటున్నాను. 2023 డిసెంబరులో ఒక కుటుంబానికి ఏడాదికి అయ్యే వైద్య ఖర్చు పరిమితిని తెలంగాణ 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పీహెచ్‌సీకి ఒక నకలు పంపడానికి ఎంతవుతుందని? అయినా ముందు చూసే డాక్టరు కూడా ఉండాల్సిందే.

విశ్రాంత స్టాఫ్ నర్సు:
చీటీ వద్దు. రోగి సొంత పీహెచ్‌సీకి తెలుగులో మందుల పట్టీ చేరిందని తేలాకే ఆసుపత్రికి ఆఖరి బిల్లు చెల్లించండి. పట్టీ రాగానే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం ఆ ఇంటికి వెళ్లాలి.

కూలిమనిషి:
ఏఎన్ఎం రావడం బాగుందమ్మా. బిల్లు మెలిక మాత్రం వద్దు. బకాయిలు రాలేదని ఇప్పటికే ఆసుపత్రులు సేవలు ఆపేస్తున్నాయి. ఇంకో కొర్రీ పెడితే కార్డు చూడగానే మంచాలు ఖాళీ లేవంటారు. ఆ నకలేదో ఆరోగ్యశ్రీని నడిపే ట్రస్టు కంప్యూటర్ నుంచే నేరుగా పీహెచ్‌సీకి పంపకూడదా? రోగి వివరాలన్నీ వాళ్ల దగ్గర ఉన్నవే.