గౌరాదేవి అన్న "మాయ్‌కా": తల్లా, పుట్టిల్లా?

ప్రశ్న: చెట్లు నరకనీయకుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమం మీద ఒక తెలుగు వ్యాసంలో గౌరాదేవి మాటను "ఈ అడవి మా తల్లి" అని రాశారు. హిందీలో ఉన్నది "మాయ్‌కా". తల్లి అంటే సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదండీ. పుట్టిల్లు అనే రాయాలి. తెలంగాణవాళ్ళయితే తల్లిగారిల్లు అన్నా బాగుంటుంది.

1974 మార్చి 26, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా రేణీ గ్రామం. 1962 చైనా యుద్ధం తర్వాత పోయిన భూములకు పరిహారం ఇస్తామని మగవాళ్ళను చమోలీకి పిలిపించి, అదే రోజు చెట్లు నరికే కూలీలను అడవికి పంపారు. భోటియా గిరిజనురాలు గౌరాదేవి పాతికమందికి పైగా ఆడవాళ్ళతో, ఆడపిల్లలతో వెళ్ళి అడ్డం నిలబడింది. "అన్నలారా, ఈ అడవి మా పుట్టిల్లు. మూలికలు, కూరలు, పళ్ళు, కట్టెలు ఇదే ఇస్తుంది. నరికితే వరదొస్తుంది" అంది. 1970లో అలకనంద వరద చూసినవాళ్ళు మరి. భోంచేసి మాతో రండి, మా మగవాళ్ళొచ్చాక తేల్చుకుందాం అని కూడా అంది. ఒకడు తుపాకి ఎత్తితే, "కాల్చు, కాల్చి మా పుట్టిల్లు నరుక్కో" అని ఎదురు నిలిచింది.

తల్లి అంటే దణ్ణం పెట్టి ఊరుకోవచ్చు. పుట్టింటి మీద ఆడపిల్లకు హక్కుంటుంది. ఆ మూలికలు, కట్టెలు ఆమెకు ఒడిబియ్యం లాంటివి. పైగా ఆమె పుట్టింది లాతా గ్రామంలో. రేణీ అత్తవారి ఊరు, అక్కడే చిన్న వయసులో భర్త పోయాడు. అత్తవారి ఊరి అడవిని పుట్టిల్లు అనడంలో ఎంత బతుకుందో చూడండి! అక్కడి భాష గఢ్వాలీలో ఈ మాట "మైత్". నందాదేవి అమ్మవారిని సైతం అక్కడ ఆడపడుచుగానే తలచి, రాజజాత్ యాత్రలో అత్తారింటికి సాగనంపుతారు.

మరొకరు: ఆ హిందీ మాటలోని "హమారా"కి మా అనాలా, మన అనాలా? కూలీలను అన్నలారా అని పిలిచింది కదా, తోబుట్టువులతో "మన ఇల్లు" అనే అంటాం.

జవాబు: మంచి ప్రశ్న. హిందీకి ఆ తేడా లేదు, మనం తేల్చుకోక తప్పదు. కూలీలు పొట్టకూటికి వచ్చినవాళ్ళు, ఆమె తగువు వాళ్ళతో కాదు. అయినా పని అయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారు. వరదొస్తే పొలం పోయేది రేణీవాళ్ళకు. నేనైతే "మా" అనే ఉంచుతాను. "అన్నలారా" మాత్రం అనువాదంలో తీసేయకండి, చాలామంది తీసేస్తున్నారు.