అప్‌డేట్: అమ్మ వాల్వ్ ఆపరేషన్ అయి మూడు నెలలు

చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల అమ్మ గుండెలోని మైట్రల్ వాల్వ్ (రక్తం వెనక్కి పోకుండా ఆపే కవాటం) పాడైంది, మార్చాలంటున్నారు, తట్టుకుంటుందా అని అప్పట్లో అడిగాను కదా. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, మెటల్ వాల్వ్ వేశారు. ఇప్పుడు దేవరకొండలో ఇంట్లోనే ఉంది.

నా టెన్షన్ అంతా ఆపరేషన్ గురించే. అసలు పని ఆ తర్వాత మొదలైంది. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే టెస్టు, ఐఎన్ఆర్, 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. తగ్గితే వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టొచ్చు, పెరిగితే బ్లీడింగ్ భయం. చేను దగ్గర తోటకూర బాగా వచ్చిందని వారం రోజులు అదే వండాను. టెస్టులో ఐఎన్ఆర్ 1.7కి పడిపోయింది! ఆకుకూర ఎక్కువైతే ఈ మందు పని తగ్గుతుందట. డాక్టరు డోసు మార్చారు. ఆకుకూర మానమనలేదు, ఎప్పుడూ ఒకే లెక్కన తినమన్నారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపు మాత్రలు మాత్రం బంద్, వార్ఫరిన్‌తో కలిస్తే బ్లీడింగ్ భయం పెరుగుతుందట.

ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతికేదాకా బరువులు వద్దన్నారు. ఆరో వారంలోనే బిందె ఎత్తబోయి నాతో తిట్లు తిన్నది.

రాత్రి ఫ్యాన్ ఆపితే అమ్మ ఛాతీలోంచి టిక్ టిక్ వినిపిస్తుంది. మొదట్లో నాకు నిద్ర పట్టలేదు. అమ్మేమో "గడియారం కొనే పని తప్పింది" అంటది.

ఒక పన్ను పీకించాలి. వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ రాకుండా ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలట, మంగళవారం గుండె డాక్టరును అడిగాకే ఆ పని.