చిన్న కాలేజీలో మాస్ కమ్యూనికేషన్: అమ్మాయిని చేర్పించాలా, వద్దా?

హన్మకొండ_నాన్న:
మా అమ్మాయికి ఇంటర్ సీఈసీ అయిపోయింది. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ దోస్త్‌లో మొదటి ఆప్షన్ ఇక్కడి ఒక చిన్న కాలేజీకే ఇస్తానంటోంది. బీఏ, మాస్ కమ్యూనికేషన్, పొలిటికల్ సైన్స్, ఇంగ్లిష్. పోయి చూసొచ్చాను. క్లాసులో పదిహేను మంది ఉంటారేమో, లెక్చరర్లు అందరినీ పేరు పెట్టి పిలుస్తున్నారు, అది నచ్చింది. కానీ కెమెరా ఒక్కటే, స్టూడియో లేదు. ఇంట్లో అందరూ బీకామ్ కంప్యూటర్స్ అంటున్నారు. ఆ లైన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_కంట్రిబ్యూటర్:
వద్దన్నా. స్టూడియో లేని మీడియా కోర్సు ఏం కోర్సు? ఉస్మానియాలో జర్నలిజం డిపార్ట్‌మెంట్ 1954 నుంచి ఉంది, పీజీ అక్కడ చేయించు. దానికి డిగ్రీ ఏదైనా నడుస్తుంది. అలాంటప్పుడు మూడేళ్లు ఇక్కడ ఈ గ్రూపు ఎందుకు? బీకామ్ చేసి కూడా పోవచ్చు, మధ్యలో మనసు మారితే అకౌంటెంట్ పని అన్నా దొరుకుతుంది.

కాజీపేట_టీచర్:
డిగ్రీ ఏదైనా నడుస్తుందంటే ఇదీ నడుస్తుంది కదా సార్. నేను వేరే కాలేజీలో ఇదే సబ్జెక్టు చెప్తాను. పదిహేను మంది ఉంటే ప్రతి వారం వాళ్లు రాసిన ప్రతి వార్తా దిద్ది ఇవ్వగలను, అరవై మంది ఉంటే చూసినట్టు సంతకం పెట్టడమే. రెండో ఏడాది పిల్లలతో 2005 చట్టం కింద సమాచార హక్కు దరఖాస్తు రాయిస్తాం, మున్సిపాలిటీకో మండలాఫీసుకో. వచ్చిన జవాబు మీద వార్త రాయాలి, జవాబు రాకపోతే అప్పీలు రాయాలి. దీనికి స్టూడియో ఎందుకు?

పోచమ్మమైదాన్:
కెమెరా ఏ కంపెనీదో?

పాత_కంట్రిబ్యూటర్:
మేడం, కెమెరా సంగతి దాటేశారు. ఒక్క కెమెరా పదిహేను మందికి ఎట్ల వస్తుంది? అది కూడా ప్రిన్సిపల్ గది బీరువాలోనే ఉంటుంది, నేను చూడని కాలేజీలా?

కాజీపేట_టీచర్:
ఫోన్‌తో తీస్తారు సార్. పెద్ద చానెళ్లలో కూడా జిల్లా నుంచి పోయే విజువల్స్ చాలావరకు ఫోన్‌వే.

పాత_కంట్రిబ్యూటర్:
ఫోన్ మా ఇంట్లోనూ ఉంది. దానికి కాలేజీ ఫీజు కట్టాలా?

నర్సంపేట_రోడ్:
ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుందని చేరి, బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపుతారు. ముందు అది అడుగన్నా.

కాజీపేట_టీచర్:
ఫోన్ అందరికీ ఉంది, నిజమే. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు వీడియోలు అందరి ఫోన్లకూ వచ్చాయి. నీళ్లు తీసిన తర్వాత ఎవరికి ఎంత పరిహారం వచ్చింది, ఎవరి పేరు జాబితాలో లేదు అని వెంటపడి రాయడానికి ఫోన్ చాలదు. ఆ పని నేర్పే చోటు జిల్లాలో ఒకటి రెండు ఉంటే వాటిని కూడా స్టూడియో లేదని కొట్టిపారేస్తే ఎలా?

పాత_కంట్రిబ్యూటర్:
అడ్మిషన్లు లేకపోతే మీ ఉద్యోగం పోతుంది, అందుకే ఈ గోడు. ఒప్పుకోండి.

కాజీపేట_టీచర్:
ఉద్యోగమా? నేను గెస్ట్ లెక్చరర్‌ని. పీరియడ్ లెక్కన ఇస్తారు, ఎండాకాలం సెలవుల్లో సున్నా. పిల్లలు చేరినా చేరకపోయినా నాకు పెరిగేది లేదు.

పాత_కంట్రిబ్యూటర్:
సరే, మీకు పీరియడ్ లెక్క, పేపర్‌కు వార్తలు పంపే మా కంట్రిబ్యూటర్లకు లైన్ లెక్క. పేపర్‌లో ఎన్ని లైన్లు వస్తే అన్ని పైసలు, అవి బండి పెట్రోలుకు కూడా చాలవు. పండగొస్తే యాడ్ టార్గెట్. పొద్దున ఏ కాంట్రాక్టర్ మీద రాయాలో, సాయంత్రం వాని దగ్గరికే శుభాకాంక్షల యాడ్ కోసం పోవాలి. 1955లోనే వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది, కంట్రిబ్యూటర్ అనగానే నువ్వు మా ఉద్యోగివే కాదంటారు. మా ఆఫీసులో ఒక్క ఆడపిల్ల కూడా ఏడాది నిలవలేదు. కెమెరాలు పది ఉన్నా నేను వద్దనే అంటా. పోతే హైదరాబాద్ డెస్క్‌కు పోవాలి, జిల్లాలో ఉండొద్దు.

కాజీపేట_టీచర్:
ఇది మొదటే చెప్పాల్సింది సార్. కాలేజీ మీద కోపం కాదు మీది. కానీ రాయడం వచ్చినవాళ్లంతా హైదరాబాద్ పోతే మీరు చెప్పిన ఆ కాంట్రాక్టర్ సంగతి ఎవరు రాయాలి?

పాత_కంట్రిబ్యూటర్:
ఎవరన్నా రాయనీ. ఈ అన్న బిడ్డే ఎందుకు రాయాలి?

ఆజంజాహి_గేటు:
మా చెల్లె ఇదే గ్రూపు చేసింది. ఇప్పుడు ఒక హాస్పిటల్‌లో పీఆర్ చూస్తుంది, నెలనెలా జీతం పడుతుంది. మీడియా అంటే పేపరూ టీవీయే అనుకుని కొట్లాడుతున్నారు మీరిద్దరు.

పాత_కంట్రిబ్యూటర్:
హాస్పిటల్ మీద వార్త రాకుండా చూసే పని అది. దానికి కూడా కాలేజీ కావాలన్నమాట.

హన్మకొండ_నాన్న:
అన్నా, మేడం, ఇద్దరికీ దండం. హైదరాబాద్ హాస్టల్ నా వల్ల కాదు, అది ముందే రాయలేదు. అమ్మాయి జిల్లాలోనే ఉండాలని నాకూ ఉంది, దానికి మాత్రం లేదనుకుంటా.

పాత_కంట్రిబ్యూటర్:
అయితే కాలేజీకి మళ్లీ పో. పోయినేడు బయటికొచ్చిన పిల్లలు ఎక్కడున్నారో ఫోన్ నంబర్లు అడుగు. జీతమా, లైన్ అకౌంటా అని వాళ్లనే అడుగు, ప్రిన్సిపల్‌ను కాదు.

కాజీపేట_టీచర్:
అడగండి సార్. ఈసారి అమ్మాయిని కూడా తీసుకుపోండి, ఆమెనే అడగనివ్వండి.