"అధ్యక్షా" అనే మాట పని ఏంది, ఇప్పుడు చేస్తాండేదేంది?

మా అన్న కొడుకు రెండో తరగతి. నిన్న రాత్రి రిమోట్ కోసం వాళ్లక్కతో కొట్లాడతా "దీనికి బుద్ధి లేదు అధ్యక్షా" అన్యాడు. ఇంట్లో అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా, కానీ పడుకున్యాక అదే మెదులుతాంది. వాడు టీవీలో అసెంబ్లీ సభ చూసి నేర్చుకున్యాడు, అక్కడ ఆ మాట తిట్టుకు ముందో వెనకో వచ్చేదే గదా, వాడి తప్పేముంది.

అధి అంటే పైన, అక్షి అంటే కన్ను. పైనుంచి కనిపెట్టుకోని చూసేవాడు అధ్యక్షుడు. సభలో ఎవరు లేచినా స్పీకర్‌కే చెప్పాల, ఎదురుగా కూచున్న మనిషికి కాదు. దాంతో "నువ్వు అబద్ధం చెప్పినావ్" అనేది "గౌరవ సభ్యులు చెప్పింది వాస్తవం కాదు అధ్యక్షా" అయి కూచుంటాది. మధ్యమ పురుష కాస్తా ప్రథమ పురుష అయిపాయ, సగం వేడి అక్కడే చల్లారిపాయ. మా ప్రొద్దుటూరు పక్క పల్లెల్లో అన్నదమ్ములు భాగాలకు కూచున్నా ఇంతే, ఒకరి మొగం ఒకరు చూడరు, పెద్దమనిషి దిక్కు తిరిగి "వాడు చేసింది న్యాయమేనా నువ్వే చెప్పు మామా" అంటారు. ఇప్పుడు సభలో "నీ బతుకెంత అధ్యక్షా" అంటాండారు, నోట్లో అధ్యక్షా, చూపు, వేలు రెండూ ఎదురు బెంచీకి. కామా మాదిరి అయిపాయ ఆ మాట.

ఆదోని నుంచి ఒక కామెంట్:
పైన చూసే కన్ను మారింది సార్, అంతే. ఇప్పుడది కెమెరా. మాట్లాడేది స్పీకర్‌కూ కాదు, ఎదుటోళ్లకూ కాదు, సాయంత్రం తిరిగే ముప్పై సెకన్ల క్లిప్‌కు. రికార్డుల్లోంచి తీసేయమంటే తీసేస్తారు, అప్పటికే అది అందరి ఫోన్లకూ చేరింటాది. ఇంకోటి, 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినాక విప్ (ఎట్ల ఓటెయ్యాల్నో పార్టీ ఇచ్చే ఆదేశం) దాటి ఓటేస్తే సీటే పోతాది. ఆ చట్టం అవసరమే, కాదనను, కానీ ఎదుటి పక్షమోన్ని ఒప్పించి ఓటు తెచ్చుకునే ఆశ ఎవరికీ లేకపాయ. మా కర్నూల్లోనే, అది ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు, 1954 నవంబర్‌లో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఒక్క ఓటు అటూ ఇటూ అయ్యే సభలో మాటకు ఎంత విలువ ఉంటాదో చూసుకోండి.

అనంతపురం నుంచి:
మర్యాదంతా బహువచనంలో ఉందనుకుంటే పొరపాటు. మేం "ఆయప్ప వచ్చినాడు" అంటాం, క్రియ ఏకవచనమే, కానీ మర్యాద "ఆయప్ప"లో ఉంది. వాడు కాదు, గారూ కాదు, మధ్యలో ఒక మెట్టు. కోస్తా స్నేహితులు మొదట్లో దీన్ని మొరటు అనుకుంటారు (నాకూ కాలేజీలో అయ్యింది లే). సభలో దీనికి తిరగబడ్డది, "గౌరవ సభ్యులు" అని బహువచనం పెట్టి తిట్టేది ఏకవచనంలో. 1952లో మా అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయింది సొంత బావ నీలం సంజీవరెడ్డి. ఒకాయన కమ్యూనిస్టు, ఒకాయన కాంగ్రెస్. సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ అయినప్పుడు పార్టీకే రాజీనామా చేసినాడు. పైన కూచున్న కన్ను అందరిదీ అని ఆయప్పకు తెలుసు.

కడప నుంచి:
పాతకాలమంతా బంగారమా అన్నా? "మాన్య మిత్రులు" అంటానే గొంతు కోసినోళ్లు అప్పుడూ ఉండిరి. మాటలు నిషేధిస్తే కూడా పని కాదు, 2022లో లోక్‌సభ సెక్రటేరియట్ ఇచ్చిన అన్‌పార్లమెంటరీ మాటల పుస్తకంలో "జుమ్లాజీవి" (ఉత్త మాటల మీద బతికేటోడు), "బాల్‌బుద్ధి" (పిల్లబుద్ధి) కూడా ఉన్నాయి, జనం ఆ వారమంతా వాటినే వాడుకున్యారు.

మొదట పోస్ట్ పెట్టింది నేనే, జవాబు:
బంగారం అనలే అప్పా. తిట్టుకు కూడా ఒక చుట్టు దారి ఉండె, ఆ దారిలో పోతాపోతా మనిషికి రెండు క్షణాలు ఆలోచించే టైం దొరికేది, అదే నేను చెప్పేది.

నంద్యాల నుంచి:
వ్యాకరణం డౌట్ ఒకటి. 1999లో ప్రతిభాభారతి గారు స్పీకర్ అయినారు గదా, మన అసెంబ్లీకి తొలి మహిళా స్పీకర్. అధ్యక్షురాలికి సంబోధన ఏంది? "అధ్యక్షురాలా" అని ఎవరన్నా పిలిచినట్టు నాకైతే గుర్తులేదు.

నా జవాబు:
సంస్కృతంలో స్త్రీలింగం "అధ్యక్షా" అనే ఆకారాంతమే, పిలుపులో అది "అధ్యక్షే" కావాల. సభలో అట్ల పిలిస్తే స్పీకరే నవ్వేసుంటారు. పిల్లోనికి చెప్పినా, వాడు ఈ పొద్దు అక్కను "అధ్యక్షే" అని పిలుస్తాండాడు. రిమోట్ ఇంకా ఆ పిల్ల దగ్గరే ఉంది.